గోరంత యద్దము

గడచిన సంక్రాంతికి మా దుగ్గిరాలకు వచ్చిన యువకుడొకడు, కాలువ లాకులయొద్ద మాతో సంభాషించుచు, తన పరిశోధనము అయిదు మాసములపాటు స్తంభించిపోయిన వృత్తాంతమును చెప్పెను. ఆతడు భౌతికశాస్త్రమున పట్టభద్రుడై దూరమున నొక సంస్థలో లేజరు విద్య నభ్యసించుచున్నవాడు. ఆతని యంత్రమునకు కావలసినది చిటికెనవ్రేలి గోటికంటె చిన్నదగు అద్దము. దానిని విదేశమునుండి తెప్పించవలెను. ధరవర లడుగుటకు ఒక మాసము. లోపలి అనుమతులకు రెండు మాసములు. 'దీనిని దేనికి వినియోగింతురు? మరియొకరికి అమ్మరుగదా?' యని విక్రేత పంపిన ప్రశ్నలకు సమాధానము వ్రాసి పంపుటకు ఒక మాసము. సుంకపు కచేరీలో మరియొక మాసము. తుదకు అద్దము చేరెను. చేరిన పదియవనాడు, కాంతి పాళము కొంచెము హెచ్చుటచేత, మాడిపోయెను. మాడిన మచ్చ కంటికైనను కనబడదట, సూక్ష్మదర్శినిలో వెదకవలెనట. ఈ కథ చెప్పునపుడు ఆతడు నవ్వుచునే యుండెను గాని మాకు నవ్వు రాలేదు.

మేము న్యాయవాదులము, శాస్త్రజ్ఞులము గాము. కళాశాలలో చదివిన భౌతికశాస్త్రము చాలవరకు మరచినవారము. అయినను ఈ గోరంత యద్దమును మా పాఠకుల యెదుట పెట్టుటకు కారణము గలదు. దుగ్గిరాల పసుపు యార్డునకు సరకు తెచ్చు రైతునకు ఒక్క సంగతి ఎవ్వరును బోధింప నక్కరలేదు: పండించువా డొకడు, ధర కట్టువాడు వేరొకడు. కొమ్ము మనది, దుంప త్రవ్విన కూలి మనది, ఉడికించి ఎండబెట్టి మెరుగుపట్టిన కష్టము మనది. దానిలోని సారమును తీసి సీసాలకెత్తి మనకే అమ్మువాడు మరియొకడు. కాంతివిద్యలోను ఇదే వర్తకము సాగుచున్నది. బిడ్డలను మన మంపుచున్నాము. వ్యాసములను మనము వ్రాయుచున్నాము. అద్దము మాత్రము పొట్లములో కట్టబడి బయటినుండి వచ్చుచున్నది.

ఆ అద్దము చేయు పని యేమో ముందుగా తెలియవలెను. దానిని వివరించుటకు మా గ్రామముకంటె అనువైన చోటు లేదు. కృష్ణా పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాలయొద్ద చీలి, కొమ్మమూరు కాలువగను, నిజాంపట్నపు కాలువగను, మరికొన్ని శాఖలుగను తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలకు పోవుచున్నది. ఎగువను కొద్దికొద్దిగా నీరు వదలినచో నేమగునో చివరిభూముల రైతు నడుగుడు. ఎండి బీటలువారిన కాలువయడుగు ఆ నీటి నంతయు త్రాగివేయును; చివరిమడికి చుక్కయైనను చేరదు. అదే నీటిని కూడబెట్టి ఒక్క ఉరవడిని వదలినచో, మొదటి నీరు నేల దప్పి తీర్చును. వెనుకవచ్చు ప్రవాహము అడ్డములేక చివరివరకు పారును. మన అద్దముపై పూయబడిన అర్ధవాహకపు పొర ఆ ఎండిన నేలవంటిది. బలహీనమైన కాంతి వచ్చినచో దానిని త్రాగివేయును. బలమైన కాంతి వచ్చినపుడు అందలి ఎలెక్ట్రానులు పైమెట్టున కెక్కి, అచ్చటి తావులన్నియు నిండి, ఇక పుచ్చుకొనుటకు చోటులేక, మిగిలిన కాంతికి దారి యిచ్చును. వెంటనే, సెకనులో లక్షకోట్లవ పాలున కొంచె మించుమించుగా, మరల ఎండి దప్పిగొనును. శాస్త్రజ్ఞులు దీనిని సంతృప్త శోషక మందురు.

ఇప్పుడు వెండ్రుకవంటి గాజుతంతువును పదిమీటర్ల పొడవున ఉంగరముగా చుట్టి, దానిలో కొంతమేరను ఎర్బియమను లోహపు పరమాణువులతో చేసిన తంతువు నతికి, చిన్న డయోడు లేజరుతో ఆ పరమాణువులను ఉత్తేజపరచుచున్నారనుకొనుడు. ఉంగరములో కాంతి తిరుగ నారంభించును. మొదట అది క్రమములేని కలకలము. ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గు. ప్రతి ప్రదక్షిణములోను శోషకము తగ్గును త్రాగివేసి హెచ్చును మాత్రము సాగనిచ్చును. వేలకొలది ప్రదక్షిణములైన పిమ్మట ఆ కాంతి యంతయు ఒక్క అతిసూక్ష్మమైన తునకగా కూడుకొనును. పదిమీటర్ల ఉంగరమునుండి ఇట్టి తునకలు సెకనుకు సుమారు 2 కోట్లు వెలువడును. సరాసరి చూచిన ఆ కాంతి బలము 10 మిల్లీవాట్లే. జేబులోని చిన్న సూచికదీపమున కంటె గొప్పది గాదు. కాని ఒక్కొక్క తునక 500 ఫెంటోసెకండ్లలో ముగియుటచేత, ఆ తునక జీవించినంతసేపు దాని బలము 1 కిలోవాటునకు చేరును.

ఫెంటోసెకం డన నెంత? ఒక సెకనునకు అది యెంతయో, సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరములకు ఒక సెకను అంత. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తు వెలుతురు 100 ఫెంటోసెకండ్లలో నడచు దూరము తలవెండ్రుక మందమునకు ఇంచుమించు సగము. ఇంత స్వల్పకాలములో బలము తగులుటచేత, వేడి ప్రక్కకు వ్యాపించుటకు వ్యవధి లేదు; తగిలినచోట పదార్థము లేచిపోవును, ప్రక్కనున్నది చల్లగనే యుండును. చేతిఫోనుల గాజును పగులకుండ కోయుటకును, గుండె నాళములలో నిలుపు సన్నని లోహపు జాలికలను చెక్కుటకును, కంటి నల్లగ్రుడ్డుపై పారదర్శకమైన పొరను లేపుటకును ఇందుకే దీనిని వాడుచున్నారు.

కంటివైద్యమునకు ఇది వచ్చిన విధము చిత్రమైనది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమునందు 1993లో ఒక విద్యార్థి కంట పొరపాటున అట్టి కాంతి పడెను. పరీక్షించిన వైద్యుడు గాయమును చూచి, కాలిన గురుతులు లేక, గుండ్రముగా, పరిశుభ్రముగా నున్నదని ఆశ్చర్యపడెను. ఆ యాశ్చర్యమునుండియే కొత్త శస్త్రచికిత్స పుట్టి, 2001 ప్రాంతమున వైద్యశాలలకు చేరెను. అట్టి బలమైన తునకలను చెడకుండ పెంచు విధానమును 1985లో కనుగొన్న డోనా స్ట్రిక్లండ్, జెరార్ మురూ అనువారికి 2018లో నోబెల్ బహుమానము లభించినది. నేడు విజయవాడ, గుంటూరు నగరములలో అద్దములు విడిచి తిరుగ గోరు యువజనులు ఈ చికిత్సను గూర్చి విచారించుచున్నారు. ఆ కాంతికి మూలమేదియని అడిగినవారిని మేమింతవరకు చూడలేదు.

గాజుతంతువులో లేజరును 1961లోనే ఎలియాస్ స్నిట్జర్ చూపెను. 1987లో బ్రిటనులోని సౌతాంప్టనున డేవిడ్ పేన్ బృందము ఎర్బియముగల తంతువుతో కాంతిని పెంచవచ్చునని నిరూపించెను. సముద్రగర్భమున పోవు సందేశములన్నియు నేడు ఆ విద్యపై ఆధారపడియున్నవి. 1992లో ఉర్సులా కెల్లర్ అను విదుషి మనము చెప్పిన అద్దమును నిర్మించెను. అప్పటినుండి అతిశీఘ్ర లేజరులు ప్రయోగశాలనుండి కర్మాగారమునకు నడచివచ్చినవి. ఆ అద్దము సామాన్యమైన అద్దము కాదు. గాలియం ఆర్సెనైడు, అల్యూమినియం ఆర్సెనైడు అను రెండు పదార్థములను ఒకదానిపై నొకటిగా పదులకొలది పొరలు పరచి, వానిపై శోషించు పొరను నిలిపి, ఒక్కొక్క పొర మందమును పరమాణువుల లెక్కకు దిద్దవలెను. ఇందుకు గాలి యణుమాత్రము లేని ఉక్కుగదులు కావలెను. వానిని రేయింబవళ్లు కాపాడు నేర్పరులు కావలెను. ప్రపంచములో అట్టి అద్దములను వర్తకమునకు చేయువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. మన యువకుని అయిదు మాసములును అచ్చటనే చిక్కుకొన్నవి.

ఇంతవరకు చెప్పినది మిల్లు కథ. ఇక మగ్గము కథ వినుడు. 2004లో జపానునందు కొందరు, ఆ ఖరీదైన అద్దమునకు బదులు, కర్బనపు అతిసూక్ష్మ నాళికలను ద్రవములో కలిపి తంతువు మొనపై పూసి అదే పనిని చేయించిరి. 2009లో సింగపూరు శాస్త్రజ్ఞులు గ్రాఫీను పొరతో చేయించిరి. ఆ గ్రాఫీను పుట్టుకయే విచిత్రము: 2004లో మాంచెస్టరున గైమ్, నొవొసెలొవ్ అనువారు పెన్సిలులోని నల్లసీసమునుండి అంటుకాగితముతో ఊడదీసిన ఒక్క పరమాణువు మందముగల రేకు అది, 2010లో వారికి నోబెల్ బహుమానమును తెచ్చినది. ఒక్క రేకు తనపై బడిన వెలుతురులో 2.3 శాతమును త్రాగును. పిమ్మట 2014 ప్రాంతమున మాలిబ్డినం డైసల్ఫైడును, 2015లో నల్ల భాస్వరమును, ఇంక అనేక అర్ధవాహకముల పలుచని రేకులను ఈ పనికి నియోగించిరి. సీసపు సల్ఫైడు రవ్వలు మరియొక తెగ. వాని పరిమాణమును కొన్ని నానోమీటర్ల మేర హెచ్చుతగ్గులు చేసినచో, అవి త్రాగు కాంతి రంగే మారిపోవును. ఎర్బియపు కాంతికి సరిపడునట్లు రవ్వను పెంచవచ్చును. ఒకే పదార్థము, కొలత మార్చినంతమాత్రమున గుణము మారుట! ఈ విద్యకు మూలపురుషులైన బవెండి, బ్రస్, ఎకిమోవ్ అనువారికి 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ లభించినది.

పాఠకులు గమనింపవలసిన దేమన, ఈ రెండవ దారిలో పరమాణువులను పేర్చు ఉక్కుగదులు లేవు. పొడిని ద్రావణములో వేసి, ధ్వనితరంగములతో చిలికి, బరువైన మడ్డిని గిరగిర త్రిప్పు యంత్రముతో వేరుపరచి, పైతేటను తీసి, చుక్కగా వేయుట. ఆ పనిముట్లు బాపట్లలోను, తెనాలిలోను, వడ్లమూడిలోను, నాగార్జున విశ్వవిద్యాలయమునను రసాయనశాలలకు కొత్తవి గావు. గాజుతంతువులను అతుకు యంత్రమో, అది ఇంటింటికి అంతర్జాలపు తీగ లాగు పనివాని సంచిలోనే యున్నది. ఇన్ని వస్తువులలో జిల్లా కళాశాలకు అందుబాటులో నున్నది ఈ శోషకమొక్కటే యని మా యువకుడు చెప్పినపుడు, మంగళగిరి మగ్గములు మాకు జ్ఞప్తికి వచ్చినవి. మిల్లు కట్టలేనివాడు గుడ్డ నేయలేడని ఎవ్వరు చెప్పిరి?

అయితే మేము కోర్టులలో ఇరువది యేండ్లు గడిపినవారము. వాదికి అనుకూలమైన సాక్ష్యమునే వినిపించి దిగిపోవుట మాకు చేతగాదు. ఎదుటిపక్షమున బలమైన సాక్ష్యము గలదు.

మొదటిది, మాలిబ్డినం డైసల్ఫైడు విషయమే తీసికొనుడు. శుద్ధమైన దాని స్వభావమును బట్టి చూచిన, ఎర్బియపు కాంతిలోని ఒక్కొక్క కణమునకు ఆ పదార్థపు ఎలెక్ట్రానును పైమెట్టున కెక్కించు శక్తి చాలదు. చాలనపు డది త్రాగనేరాదు. అయినను త్రాగుచున్నది. ఎట్లు? రేకు అంచులయందును, పరమాణువులు లోపించిన చోట్లను పుట్టిన పగుళ్లవలన. అనగా దాని లోపమే మనకు గుణమైనది! లోపము ఏ రెండు గిన్నెలలోను ఒకే పాళముగ నుండదు గావున, సోమవారమున చేసిన చుక్కకును గురువారమున చేసిన చుక్కకును పొందిక యుండదు. నల్ల భాస్వరము మరియు దుర్బలము. గాలి, తేమ తగిలిన చాలును, శిథిలమగును. మా డెల్టాలో వానకాలపు గాలిని ఎరిగినవారు దాని భవిష్యత్తును ఊహింపగలరు. ఇక రేకులను పట్టియుంచుటకు వాడు పలుచని ప్లాస్టికు పొర కాంతి హెచ్చగానే కరగిపోవును. దానికి విరుగుడుగా కొందరు తంతువు ప్రక్కను అరగదీసి, కాంతి అంచు మాత్రము తగులునట్లు రేకులను అచ్చట నుంచుచున్నారు. అది కొంత మేలు.

రెండవ సాక్ష్యము మరియు చేదైనది. ఈ ఇరువది యేండ్లలో ప్రపంచమునందు ఈ చుక్కలపై వెలువడిన వ్యాసములు వేలకొలది. కొత్త పదార్థము పేరు, కొత్త తునక కొలత, ఒక చిత్రపటము, వ్యాసము పూర్తి. ఆ చుక్క మరునాడు బ్రతికియున్నదా యని అడుగువారు తక్కువ. బజారులో నమ్ము యంత్రములలో వీనికి దొరికిన తావు స్వల్పము. కెల్లర్ అద్దమును, ఏ పదార్థమును లేకయే గాజుతంతువు స్వభావమును మాత్రమే ఆశ్రయించి శోషకపు పనిని చేయించు మరియొక ఉపాయమును ఎక్కువభాగము నేలుచున్నవి. ఈ రెండవ ఉపాయమును మేము తక్కువ చేయము. దానిని నేర్చుకొనువారు నేర్చుకొనవలసినదే. కాని గాజు ఉంగరమునకు శోషకము చేకూర్చునది సులభముగా దానంతట అది ఆరంభమగుట. చిన్న యంత్రములలో ఆ సౌలభ్యమునకు విలువ గలదు.

కావున మా అభిప్రాయము చుక్కలపై గుడ్డినమ్మకము గాదు. యార్డులో పసుపుకొనువాడు బస్తాను చూచి బేరమాడడు. లోపలికి గొట్టము గ్రుచ్చి మచ్చు తీయును, కొమ్ము విరిచి రంగు చూచును, తేమ చూచును. మచ్చుకును బస్తాకును తేడా వచ్చినచో బేరము తప్పిపోవును. మన కళాశాలలు శాస్త్రపు బజారున పెట్టుచున్నది మచ్చు మాత్రమే. వెనుక బస్తా లేదు. పదార్థమును పదిమార్లు చేసి పదిమార్లును ఒకే కొలత వచ్చినదని చూపుడు. వేయి గంటలు నిరంతరముగా వెలిగించి ఎప్పుడు మాడినదో వ్రాయుడు. మాడినచో నెందుకు మాడినదో వ్రాయుడు. ఇట్టి పనికి పత్రికలలో పేరు రాదు, పదోన్నతి రాదు. రానందువలననే ఎవ్వరును చేయరు. చేయనందువలననే మన యువకుడు అయిదు మాసములు పొట్లముకొరకు కాచియుండెను.

ఈ నిరీక్షణము సుఖదినములలోనిది. దుర్దినములు రావని ఎవరు హామీ యీయగలరు? గాలియమునకును జర్మేనియమునకును చైనా 2023 ఆగస్టు 1వ తేదీనుండి ఎగుమతి అనుమతిపత్రములను విధించెను. 2025 అక్టోబరు 9న హోల్మియం, ఎర్బియం, థూలియం, యూరోపియం, యిటర్బియం అను ఐదు అపురూప మృత్తికలను ఆ పట్టికలో చేర్చుచు ప్రకటించి, నవంబరులో ఆ ప్రకటనను ఒక సంవత్సరముపాటు నిలిపివేసినది. ఈ ఐదింటిలో ఎర్బియం, యిటర్బియం, థూలియం, హోల్మియం నాలుగును తంతులేజరులకు ప్రాణమువంటివి. తలుపు మూయుటయు తెరచుటయు మరియొకరి చేతిలో నున్నదనుటకు వేరే నిదర్శన మేల? పడమటి దేశములు మాత్రము దయాళువులా? 1992లో క్రయోజనిక్ యంత్రవిద్యను మనకు ఈయరాదని అమెరికా ఆంక్షలు విధించెను. మన వారు స్వయముగా చేసిన ఆ యంత్రముతో ఉపగ్రహము నింగికెక్కుటకు 2014 జనవరి 5వ తేదీ రావలసి వచ్చినది. ఇరువది రెండు సంవత్సరములు! ఒక తరము విద్యార్థులు అంతలో నెరసిపోయిరి.

మన భీమునిపట్నపు తీరమున మోనజైటు ఇసుక గలదు, ఇక మనకేమి కొదవ యని కొందరు సభలలో గర్జించుట విన్నాము. ఇది తొందరపాటు. మోనజైటులో అధికభాగము తేలిక జాతి మృత్తికలు. ఎర్బియం, యిటర్బియం అందు అత్యల్పము. కష్టము ఇసుకలో లేదు, వేరుపరచుటలో గలదు. అయితే తంతువులో కలపవలసిన ఎర్బియము పదిలక్షల పాళ్లలో కొన్ని వందలు, వేలు మాత్రమే. కొద్దిపాటి లోహముతో అనేక కిలోమీటర్ల తంతువును చేయవచ్చును గనుక, ఈ విషయమున అల్పముతో తృప్తిపడుట సాధ్యము.

చేయగలవారు లేరా? కాంతివిద్య ఆంధ్రులకు పరాయిది గాదు. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతము, రామన్ శిష్యుడై, వాల్తేరు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో కాంతి చెదరుటను గూర్చి పరిశోధించి, పిమ్మట దేశరక్షణశాఖకు వైజ్ఞానిక సలహాదారయ్యెను. కొచ్చెర్లకోట రంగధామరావు అదే వాల్తేరున వర్ణపటశాస్త్రమునకు పాదువేసెను. 1928లో కనుగొనబడిన రామన్ ఫలితమే నేడు గాజుతంతువులలో కాంతిని పెంచు సాధనములలో నొకటి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున డి. నారాయణరావు మొదలగువారు, తరువాత సోమా వేణుగోపాలరావు ఫెంటోసెకండు లేజరులతో పనిచేసిరి. ఆ కాంతితో లోహములపై నానో గరుకుతనమును కల్పించి, దానిపై అణుమాత్రపు ప్రేలుడు పదార్థము జాడను పట్టు విద్యను పెంపొందించిరి. టాటా సంస్థ హైదరాబాదు శాఖలోను అతిశీఘ్ర కాంతిపై కృషి జరుగుచున్నది. కలకత్తాలోని కేంద్ర గాజు మృణ్మయ పరిశోధనాలయము అపురూప మృత్తికలు కలిపిన తంతువులను తీయుచున్నది. 2025 ఏప్రిల్ 13న కర్నూలునొద్ద రక్షణపరిశోధకులు 30 కిలోవాట్ల లేజరుతో ఎగురు గురిని కూల్చి చూపిరి. అది అవిచ్ఛిన్నముగా వెలుగు బలమైన కాంతి; మనము చెప్పు తునకల విద్య వేరు. కాని చేయగలవారు ఈ గడ్డపై గలరనుటకు అది చాలును. కలకత్తా తంతువు, హైదరాబాదు కొలత, గుంటూరు మండలపు చుక్క, ఈ మూడును ఒక్క ఉంగరములో కలియుట మాత్రము మేమింతవరకు విని యుండలేదు.

ప్రభుత్వములు నిద్రించుచున్నవని మేమనము. అర్ధవాహక పరిశ్రమకు కేంద్రము 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. 2025 ఆగస్టున ఆమోదింపబడిన కర్మాగారములలో నొకటి ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. దక్షిణ కొరియా సాంకేతిక సహాయముతో చిప్పులకు తొడుగులు వేయు పని అది. 2023లో 6,003 కోట్లతో జాతీయ క్వాంటం పథకము వెలసినది. మాకు కూతవేటున నున్న అమరావతిలో క్వాంటం వ్యాలీ నిర్మింతుమని రాష్ట్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. బాగుగనే యున్నది. క్వాంటం ప్రయోగశాలలలో కొన్ని అతిసూక్ష్మ కాంతి తునకలను కోరునవే. రేపు అమరావతికి అవసరమగు తంతులేజరులో గోరంత శోషకమైనను దుగ్గిరాల రైలుస్టేషను దాటి పోయినదా, లేక సముద్రము దాటి వచ్చినదా యని అడుగువాడు ఎవ్వడు?

మేము కోరునది పెద్ద సొమ్ము గాదు. ఆ వేలకోట్లలో అతి స్వల్పభాగమును జిల్లా కళాశాలల కొలతపనికి వేరుగా నుంచవలెను. వ్యాసముల సంఖ్యకు గాక, వేయి గంటల పరీక్షకు నిలిచిన వస్తువునకు ఆ సొమ్ము చెల్లింపవలెను. ఒక్క కేంద్రము, హైదరాబాదునందైనను సరే, ఎవరు పంపిన చుక్కనైనను ఒకే త్రాసులో తూచి, ఫలితమును మంచి చెడ్డలతో సహా ప్రకటింపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా ప్రభుత్వపు ప్రయోగశాలలు మొదటి కొనుగోలుదారులు కావలెను. ఇక్కడ న్యాయవాదిగా ఒక మాట. అతితక్కువ ధర చెప్పినవానియొద్దనే కొనవలెనను టెండరు నియమము గోడకును గుమ్మమునకును తగును. తొలిమారు చేయబడిన వస్తువునకు తగదు. తొలిమారు చేసినవాడు ఎన్నడును చౌకగా చేయజాలడు. 2025 జూనులో కేంద్రము వైజ్ఞానిక సంస్థలకు కొనుగోలు నియమములను కొంత సడలించినది; ఆ సడలింపుతో విదేశపు వస్తువు త్వరగా వచ్చుట ఎంత సులభమైనదో, స్వదేశపు మొదటి వస్తువును కొనుట అంత సులభము కావలెను. తొలి పదియింటిలో ఆరు మాడిపోయినను అధికారిపై ఆక్షేపణ రాకుండ నియమము వ్రాయవలెను. అట్లు వ్రాయుట చట్టమునకు అసాధ్యము గాదు. వ్రాయువానికి ధైర్యము కావలెను.

ఇంతకును బయటినుండి కొనుటలో తప్పేమని మా మిత్రులొకరు వాదించిరి. గడియారములు కొనుటలేదా, మందులు కొనుటలేదా యని. కొనుటలో తప్పులేదు. మేమును కొనుచున్నాము. కాని కొనుట మానినచో చేయుటకు శక్తి గలవాడు కొనుట వేరు, గత్యంతరము లేక కొనుట వేరు. రెండవవానికి బేరమాడు నోరుండదు. పంటరోజులలో యార్డునకు వచ్చి, గోదాములో దాచుకొను స్తోమత లేక, చెప్పిన ధరకు తలయూపి పోవు రైతు ముఖము మా మిత్రుడు చూచియున్నచో ఆ ప్రశ్న నడిగి యుండడు.

యువకుడు పండుగ వెళ్లగానే తన సంస్థకు మరలిపోయెను. మరల అద్దమునకు అర్జీ పెట్టలేదట. టంగ్‌స్టను సల్ఫైడు పొడిని తెప్పించి, తానే చిలికి, ప్రక్కను అరగదీసిన తంతువుపై చుక్క వేసెనట. మూడు మారులు విఫలమైనది. మొదటిది తేమవలన, రెండవది చుక్క మందమగుటవలన, మూడవదానికి కారణము తెలియలేదని వ్రాసెను. నాలుగవది వెలిగినది. దానిని ఆర్పకుండ, ప్రక్కన నొక నోటుపుస్తకము నుంచి, ప్రతి ఉదయమును సాయంకాలమును తునక కొలతను వ్రాయుచున్నాడట. మొన్న మాకు వచ్చిన జాబునాటికి పదునొకండు దినము లైనవి. మాడిననాడు కూడ వ్రాసెదనని మాట యిచ్చెను.